పళ్ళు జివ్వుమంటుంటే పేస్టా, పూతా, ఫిల్లింగా, లేజరా?

ప్రశ్న: నా వయసు 36. దాదాపు ఏడాదిగా పై వరసలో ఎడమవైపు కోరపన్ను, దాని వెనక రెండు పళ్ళు చల్లటి నీళ్ళు తగిలితే చాలు, జివ్వుమంటున్నాయి. నోరు తెరిచి గాలి పీల్చినా అంతే. క్షణంలో పోతుంది కానీ ఆ క్షణం ప్రాణం విలవిల్లాడుతుంది. ఐస్‌క్రీమ్ మాట దేవుడెరుగు, మామూలు నీళ్ళు కూడా కుడివైపు నుంచే తాగుతున్నాను. పళ్ళ శుభ్రత విషయంలో నేను చాలా జాగ్రత్తగా ఉంటాను. పొద్దున్నే నిమ్మరసం నీళ్ళు తాగి, వెంటనే గట్టి బ్రష్షుతో బాగా తోముకుంటాను. రాత్రి కూడా తోముతాను. ఒక డాక్టర్ గారు సెన్సిటివ్ పేస్టు వాడమన్నారు. పది రోజులు వాడి, తేడా కనిపించక మానేశాను. ఇంకొకరు లేజర్ మూడు సిట్టింగులు అన్నారు. మూడో ఆయన చిగురు దగ్గర పళ్ళు అరిగాయి, ఫిల్లింగ్ చేయాలన్నారు. మా వదినేమో "రూట్ కెనాల్ చేయించేసుకో, పీడ విరగడవుతుంది" అంటోంది. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది. వీటిలో ఏది మంచి చికిత్స?
— ఒక పాఠకురాలు

సమాధానం:

మీ ఉత్తరంలో డాక్టర్ల సలహాల కన్నా ముందు నా కన్ను ఆగిన చోటు ఒకటుంది. పొద్దున్నే నిమ్మరసం, ఆ వెంటనే గట్టి బ్రష్షు. శుభ్రత గురించి చెబుతూ మీరు మామూలుగా రాసేసిన మాట అది. మీ ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది. మీది కుడిచేతి వాటమైతే, ఎడమవైపు పై కోరపన్ను, దాని పక్క పళ్ళు ముందుగా అరగడం మేము తరచూ చూసే సంగతే. ఆ వాటం ఉన్నవాళ్ళ చేతి బలమంతా ఎక్కువగా పడేది అటువైపే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మీరు రాసిన నాలుగింటిలో పేస్టుకు మీరు సరైన గడువు ఇవ్వలేదు. ఫిల్లింగ్ మీకు అవసరం పడొచ్చు. లేజర్‌కు ఇప్పుడే తొందర లేదు. రూట్ కెనాల్ ఊసే వద్దు. అయితే నిమ్మరసం, బ్రష్షు సంగతి తేల్చుకోకుండా వీటిలో ఏది చేయించుకున్నా చిల్లు కుండలో నీళ్ళు పోసినట్టే అవుతుంది.

ముందు ఇది నిజంగా సెన్సిటివిటీయేనా అన్నది తేలాలి. మీ వర్ణన చదివితే అదే అనిపిస్తోంది. చల్లదనమో గాలో తగలగానే జివ్వుమని, అది తీసేయగానే పోయే నొప్పి దీని లక్షణం. దానంతట అది రాదు, ఏదో ఒకటి తగలాలి. చల్లనీళ్ళు తాగడం ఆపాక కూడా అర నిమిషం, నిమిషం సలుపుతూ ఉంటే, వేడి తగిలినప్పుడు ఎక్కువైతే, రాత్రి నిద్రలోంచి లేపేస్తే అది వేరే కథ. లోపలి నాడి వాచి ఉండొచ్చు. కొరికినప్పుడు, ముఖ్యంగా కొరికి వదిలేటప్పుడు చురుక్కుమంటే పంటిలో సన్నటి పగులు ఉందేమో చూడాలి. పిప్పి పన్ను, పాత ఫిల్లింగ్ అంచు వదులైన పన్ను కూడా చల్లటి నీళ్ళకు ఇలాగే జివ్వుమంటాయి. ముక్కు పక్క సైనస్ వాచినా పై పళ్ళు లాగుతాయి, తల వంచితే ఎక్కువవుతుంది. ఇవేవీ పేస్టుతో పోయేవి కావు. పైగా పేస్టు వాడుతూ కూర్చుంటే అసలు జబ్బు లోపల ముదురుతుంది. కొన్ని సెన్సిటివ్ పేస్టుల డబ్బా మీద నాలుగు వారాలకు మించి డాక్టరు సలహా లేకుండా వాడొద్దని రాసి ఉండేది ఇందుకే. ఆ మాట చూసి భయపడి మానేసేవాళ్ళున్నారు. పరీక్ష చేయించుకుని, ఉన్నది సెన్సిటివిటీయే అని తేలాక, డాక్టరుకు చెప్పి నెలల తరబడి వాడుకోవచ్చు.

క్లినిక్‌లో ఈ పరీక్ష పెద్ద పనేమీ కాదు. అటూ ఇటూ ఉన్న పళ్ళను వేలితోనో దూదితోనో కప్పి, అనుమానం ఉన్న పంటి మెడ మీదికి, అంటే చిగురును ఆనుకుని ఉండే భాగం మీదికి, ఒక్క క్షణం గాలి ఊదుతాం. మీరు ఉలిక్కిపడితే అదే పన్ను. తర్వాత సన్నటి పరికరం మొనతో చిగురు అంచు వెంబడి మెల్లగా గీస్తాం. అక్కడ గాడి ఉంటే చేతికి తెలిసిపోతుంది. మీరు కూడా శుభ్రమైన గోటితో కోరపంటి మీద పైనుంచి కిందికి మెల్లగా తడిమి చూసుకోండి. చిగురు దగ్గర మెట్టులా తగిలితే మూడో డాక్టరు గారు చెప్పింది నిజమే. అవసరమైతే ఎక్స్‌రే తీస్తారు, వద్దనకండి.

ఇక ఆ జివ్వు ఎక్కడి నుంచి వస్తుందో కొంచెం చెప్పాలి. ఇది తెలిస్తే ఏ మందు ఎందుకు పనిచేస్తుందో, ఎంతకాలం పనిచేస్తుందో మీరే అంచనా వేసుకోగలరు. పంటి పైన ఎనామిల్ అనే గట్టి తొడుగు ఉంటుంది. దాని కింద డెంటిన్. చిగురు లోపల దాగి ఉండే వేరుకు ఎనామిల్ ఉండదు, సిమెంటం అనే పల్చటి పొర మాత్రమే. చిగురు జరిగి వేరు బయటపడితే ఆ పల్చటి పొర రాపిడికి తొందరగానే పోయి డెంటిన్ బయటికొస్తుంది. డెంటిన్ చూడటానికి గట్టిగానే ఉంటుంది కానీ నిండా సన్నటి గొట్టాలు. చదరపు మిల్లీమీటరుకు సుమారు 20 వేలు, లోపలికి పోయేకొద్దీ ఇంకా దగ్గర దగ్గరగా ఉంటాయి. ఒక్కోదాని వెడల్పు ఒకటి రెండు మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతో, రెండు వెయ్యో వంతులో. వాటిలో ద్రవం ఉంటుంది. చల్లదనానికి, గాలికి, తీపికి ఆ ద్రవం కదులుతుంది. ఆ కదలిక లోపలి నరాన్ని లాగుతుంది. 1960లలో స్వీడన్‌కు చెందిన మార్టిన్ బ్రాన్‌స్ట్రోమ్ ప్రయోగాలతో దీన్ని బలంగా నిలబెట్టాడు. నేటికీ ఎక్కువమంది ఒప్పుకునే వివరణ ఇదే.

తర్వాత 1987లో వచ్చిన ఒక పరిశోధనలో జివ్వుమనే పళ్ళను, జివ్వుమనని పళ్ళను మైక్రోస్కోప్ కింద పెట్టి పోల్చారు. జివ్వుమనే పళ్ళ మీద నోళ్ళు తెరుచుకుని ఉన్న గొట్టాలు సుమారు ఎనిమిది రెట్లు ఎక్కువ, వాటి వెడల్పు సుమారు రెండింతలు. గొట్టం వెడల్పు రెండింతలైతే అందులో పారగల ద్రవం రెండింతలు కాదు, 16 రెట్లు అవుతుంది. ఈ లెక్కలో మనకు పెద్ద ఊరట ఉంది. గొట్టాలను పూర్తిగా మూసేయనక్కర్లేదు, కొంత ఇరుకైతే చాలు, బాధ బాగా తగ్గుతుంది. మన ఉమ్మి కూడా రోజూ కాల్షియం, ఫాస్ఫేట్ తెచ్చి ఆ పనే చేస్తూ ఉంటుంది. మీరు రోజూ పొద్దున నిమ్మరసంతో అది కరిగించి, బ్రష్షుతో ఊడ్చేస్తున్నారు.

అలా చూస్తే అన్ని చికిత్సలూ రెండే దారుల్లో వెళతాయి. గొట్టాల నోళ్ళు మూయడం, లేదా లోపలి నరాన్ని మందగింపజేయడం.

పేస్టులన్నీ ఒకటే అనుకోకండి. డబ్బా ముందు పెద్ద అక్షరాలతో 'సెన్సిటివ్' అని ఉంటే సరిపోదు, వెనక్కి తిప్పి మందు పేరు చదవాలి. పొటాషియం నైట్రేట్ అని ఉంటే, సాధారణంగా 5 శాతం, అది నరాన్ని మందగింపజేసే రకం. పొటాషియం మెల్లగా లోపలికి చేరి నరం చుట్టూ పేరుకోవాలి కాబట్టి రోజుకు రెండుసార్లు, కనీసం నాలుగు వారాలు వాడితే కానీ తీర్పు చెప్పలేం. ఎనిమిది వారాలకు ఇంకా మెరుగవుతుంది. మానేస్తే ఫలితం మెల్లగా పోతుంది. మీరు వాడింది ఈ రకమైతే పదో రోజున మానేయడం అంటే, అన్నం సగం ఉడకకముందే దించేసినట్టు. నిజం చెప్పాలంటే పొటాషియం ఎంత బలంగా పనిచేస్తుందన్న విషయంలో పరిశోధకులు అందరూ ఒకే మాట మీద లేరు. చాలామందికి పనిచేస్తుంది, కొందరికి చేయదు. అందుకే మొదట చేతికి తీసుకునేది అదే కావాలని నేను పట్టుబట్టను.

గొట్టాలు మూసే రకాల మీద నాకు నమ్మకం ఎక్కువ. స్టానస్ ఫ్లోరైడ్, అంటే తగరం కలిసిన ఫ్లోరైడ్, గొట్టాల నోళ్ళ దగ్గర పేరుకుని వాటిని కప్పుతుంది, ఆ పొర ఆమ్లానికి తొందరగా కరగదు కూడా. చిగుళ్ళ నుంచి రక్తం కారేవాళ్ళకు అదనపు లాభం. కొందరికి పళ్ళ మీద లేత గోధుమరంగు మరక వస్తుంది, అది క్లీనింగ్‌లో పోతుంది. ఆర్జినిన్ 8 శాతం, కాల్షియం కార్బొనేట్ కలిసిన పేస్టు ఇంకో రకం. దీన్ని వేలికొనతో జివ్వుమనే చోట ఒక నిమిషం రుద్దితే అప్పటికప్పుడే కొంత ఉపశమనం కనిపిస్తుందని పరీక్షల్లో తేలింది. నాలాగా రోజూ పేషెంట్ల ముఖాలు చూసేవాళ్ళకు అది చిన్న విషయం కాదు. చల్లనీళ్ళంటే వణికే మనిషికి మొదటి రోజే కొంచెం ధైర్యం వస్తే, మిగతా వైద్యం ఓపిగ్గా చేయించుకుంటారు. మూడోది బయోయాక్టివ్ గ్లాస్, డబ్బా మీద కాల్షియం సోడియం ఫాస్ఫోసిలికేట్ అని ఉంటుంది. 1969లో లారీ హెంచ్ ఎముకల కోసం తయారుచేసిన గాజు నుంచి వచ్చిన మందు ఇది. ఉమ్మి తగలగానే కాల్షియం, ఫాస్ఫేట్ వదిలి డెంటిన్ మీద పంటి ఖనిజం లాంటి పొరను పెంచుతుంది. 1961లో మొదలైన స్ట్రోన్షియం పేస్టులు పాతకాలపు మందు. ఇప్పుడు వాటి వాడకం తక్కువ.

ఏ పేస్టు తెచ్చుకున్నా వాడే తీరులోనే సగం ఫలితం ఉంది. తోముకున్నాక నురుగు ఉమ్మేయండి, నోరు నిండా నీళ్ళు పోసి పుక్కిలించకండి. పుక్కిలిస్తే మందంతా నీళ్ళలో పోతుంది. రాత్రి పడుకునే ముందు బఠాణీ గింజంత పేస్టు వేలితో ఆ మూడు పళ్ళ మెడల మీద రాసి వదిలేయండి. పొటాషియం పేస్టయితే ఇంట్లో పన్నెండేళ్ళ లోపు పిల్లలకు డాక్టరును అడగకుండా పెట్టొద్దు.

క్లినిక్‌లో వేసే పూతలు దీని తర్వాతి మెట్టు. ఫ్లోరైడ్ వార్నిష్ అందులో అందరికీ తెలిసింది. మామూలు పేస్టులో ఫ్లోరైడ్ 1000 నుంచి 1500 పీపీఎం (పది లక్షల భాగాల్లో అన్ని భాగాలు) ఉంటే, 5 శాతం సోడియం ఫ్లోరైడ్ వార్నిష్‌లో 22,600 పీపీఎం. చిన్న కుంచెతో పూస్తారు, రెండు నిమిషాల పని, నొప్పి ఉండదు. ఆ రోజు గట్టివి, వేడివి తినకూడదు, బ్రష్ చేయకూడదు. కొన్ని వారాలో నెలలో పనిచేసి అరిగిపోతుంది, మళ్ళీ పూయించుకోవాలి. అరిగిపోవడం దాని లోపమని కొందరు కోప్పడతారు. ఈలోపు మీరు అలవాట్లు మార్చుకుని, ఉమ్మి తన పని తాను చేసుకునే వీలిస్తే రెండోసారి అవసరమే రాకపోవచ్చు.

దీనికన్నా గట్టి పూత గ్లుటరాల్డిహైడ్, హెమా అనే రెండు రసాయనాలు కలిసింది. గొట్టాల్లోని ద్రవంలో ఉండే ప్రొటీన్లను గడ్డకట్టించి లోపలే బిరడా వేస్తుంది. పనిచేస్తే కుర్చీలోంచి లేచేలోపే తేడా తెలుస్తుంది. చిగురుకు తగిలితే మాత్రం కాలుతుంది. అందుకే పన్ను చుట్టూ దూది పెట్టి, చిగురుకు తగలకుండా జాగ్రత్తగా వేసేవాళ్ళ చేతిలోనే చేయించుకోవాలి. ఆక్సలేట్ పూతలు, పల్చటి రెజిన్ పూతలు కూడా ఉన్నాయి. వీటిలో ఒకటి పడకపోతే ఇంకొకటి ప్రయత్నించడంలో తప్పేం లేదు, ఏదీ పంటిని కోసేది కాదు కాబట్టి.

ఫిల్లింగ్ గురించి మూడో డాక్టరు గారు చెప్పిన మాటను తేలిగ్గా తీసుకోకండి. చిగురు దగ్గర గాడి గోటికి స్పష్టంగా తగిలేంత ఉంటే, ముఖ్యంగా ఒక మిల్లీమీటరుకు మించి లోతుంటే, పూతలు ఎన్ని పూసినా ఆ గాడిలో బ్రష్షు రాపిడి ఆగదు. గ్లాస్ అయానమర్ అనే సిమెంటుతోనో, పంటి రంగులో ఉండే కాంపోజిట్ అనే ఫిల్లింగ్ పదార్థంతోనో ఆ గాడిని పూడ్చేస్తే డెంటిన్ మీద కప్పు పడుతుంది, పన్ను ఇంకా సన్నబడకుండా ఉంటుంది. చాలాసార్లు డ్రిల్లింగ్ అవసరం ఉండదు, ఉన్నా చాలా కొద్దిగా. గాడి లేకుండా చిగురు మాత్రమే కాస్త జరిగి ఉంటే ఫిల్లింగ్ పట్టుకోవడానికి చోటు ఉండదు, అప్పుడు పూతలే దారి. మీకు ఏది వర్తిస్తుందో గోటి పరీక్షే చాలావరకు చెప్పేస్తుంది. ఒక మాట మాత్రం గుర్తుంచుకోండి. బ్రష్షు మార్చకుండా ఫిల్లింగ్ పెట్టించుకుంటే రెండు మూడేళ్ళలో అంచుల దగ్గర మళ్ళీ అరిగి, అది ఊడి చేతిలోకి రావొచ్చు. అప్పుడు "ఆ డాక్టరు సరిగ్గా పెట్టలేదు" అనుకుంటాం.

లేజర్‌ను నేను తీసిపారేయను. తక్కువ శక్తి లేజర్ నరం స్పందనను తగ్గిస్తుంది, ఎక్కువ శక్తి లేజర్ డెంటిన్ పై పొరను కరిగించి గొట్టాల నోళ్ళు మూస్తుంది. కొన్ని పరీక్షల్లో బాగా పనిచేసింది, కొన్నింటిలో ఉత్తుత్తి లేజర్‌కు, నిజం లేజర్‌కు పెద్ద తేడా రాలేదు. ఖర్చు ఎక్కువ. అమరిక తప్పితే వేడి లోపలి నాడికి తగిలే ప్రమాదమూ ఉంది. పేస్టు, వార్నిష్, గట్టి పూత మూడూ వాడి చూసి, అప్పటికీ బాధ తగ్గకపోతే ఆలోచించండి. మొదటి చికిత్సగా చెప్పడం నాకు నచ్చలేదు.

చిగురు బాగా జరిగిపోయి వేరు చాలా పొడవున బయటపడితే అంగిలి నుంచి కణజాలం తీసి కప్పే చిన్న ఆపరేషన్ ఉంది. చిగురు ఇంకా జారిపోకుండా ఆపడం దాని ముఖ్యమైన పని. జివ్వు కూడా చాలామందికి తగ్గుతుంది, అందరికీ అని హామీ ఇవ్వలేం. మీ ఉత్తరంలో అంత దూరం వెళ్ళే సూచన నాకు కనిపించలేదు.

మీ వదిన గారు మీ బాధ చూడలేక చెప్పి ఉంటారు, అందులో ప్రేమే ఉంది. కానీ మీకు రూట్ కెనాల్ అంటే గోటితో పోయేదానికి గొడ్డలి వాడటమే. మూడు పళ్ళలో బతికున్న నాడిని తీసేయాలి. తీసేశాక తిరిగి రాదు. లోపలికి దారి చేయడానికి పంటిని తొలుస్తారు, వెనక రెండు పళ్ళకు తర్వాత క్యాప్ కూడా అవసరం పడొచ్చు. ఇంత చేసినా మెడ దగ్గర గాడి అలాగే ఉంటుంది, బ్రష్షు అరగదీస్తూనే ఉంటుంది. నొప్పి తెలియదు కాబట్టి మీరు ఆపరు. ఒక రోజు పన్ను అక్కడికి విరగొచ్చు. నాడి కోలుకోలేనంతగా వాచినప్పుడు రూట్ కెనాల్ పంటిని కాపాడే గొప్ప చికిత్స, దానికి నేను వ్యతిరేకిని కాను. మీ వర్ణనను బట్టి మీ పళ్ళలో నాడి ఆరోగ్యంగానే ఉన్నట్టుంది, అందుకే అంత చురుగ్గా జివ్వుమంటోంది.

1935లో లూయీ గ్రాస్‌మన్ అనే అమెరికన్ దంతవైద్యుడు ఈ బాధకు మంచి మందు ఎలా ఉండాలో రాశాడు. నాడికి హాని చేయకూడదు, పూసేటప్పుడు నొప్పి పెట్టకూడదు, పూయడం తేలిగ్గా ఉండాలి, త్వరగా పనిచేయాలి, ఫలితం ఎప్పటికీ నిలవాలి, పంటి రంగు మార్చకూడదు. ఇన్నింటికీ సరిపోయే మందు నేటికీ రాలేదు. అందుకే "ఏది మంచిది" అని ముగ్గురిని అడిగితే మూడు జవాబులు వచ్చాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ నొప్పి దానంతట అదే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, మందు లేని పేస్టు ఇచ్చినవాళ్ళలో కూడా బాధ బాగానే తగ్గినట్టు పరీక్షల్లో మళ్ళీ మళ్ళీ కనిపించింది. కాబట్టి "ఫలానా పేస్టు వాడితే నాకు వారంలో పోయింది" అని ఎవరైనా అంటే వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు, కానీ అది మీకు సాక్ష్యం కాదు.

ఇప్పుడు మీ బ్రష్షు దగ్గరికి వస్తాను. కొన్నాళ్ళ క్రితం ఒకావిడ ఇదే బాధతో వచ్చారు. మరుసటి వారం మీ బ్రష్షు తెచ్చి చూపించండి అన్నాను. కాగితంలో చుట్టి తెచ్చారు. కొని మూడు వారాలే అయిందట, కుచ్చులన్నీ రెండు పక్కలకూ వాలిపోయి ఉన్నాయి. "ఇంట్లో ఎలా తోముతారో నా బొటనవేలి గోటి మీద అలాగే తోమండి" అన్నాను. నా గోరు తెల్లబడిపోయింది. ఆవిడకే ఆశ్చర్యం వేసింది, తను అంత బలం పెడుతున్నానని ఎప్పుడూ అనుకోలేదట. పళ్ళకు కావలసిన ఒత్తిడి 150 గ్రాముల చుట్టూ ఉంటే చాలు. వంటింట్లో చిన్న డిజిటల్ త్రాసు ఉంటే దాని మీద బ్రష్షు ఆనించి 150 వచ్చేదాకా నొక్కి చూడండి. ఇంతేనా అనిపిస్తుంది. రెండు మూడు రోజులు ఇలా చూసుకుంటే చేతికి అలవాటైపోతుంది.

మెత్తటి బ్రష్షు కొనండి. పిడికిలితో పట్టుకోకుండా పెన్ను పట్టినట్టు వేళ్ళతో పట్టుకుంటే బలం దానంతట అదే తగ్గుతుంది. కుచ్చులు చిగురు వైపు కొంచెం ఏటవాలుగా ఆనించి, ఉన్నచోటే చిన్నగా కదిపి, చిగురు నుంచి పంటి కొస వైపు దించండి. అడ్డంగా రంపం లాగినట్టు లాగొద్దు. తోమడం రోజూ ఒకే చోట మొదలుపెట్టకుండా మార్చండి. తెల్లబరిచే పొడులు, బొగ్గు పేస్టులు పూర్తిగా ఆపేయండి, వాటి గరుకుదనం బయటపడ్డ డెంటిన్‌కు శత్రువు. నొప్పి పుట్టిన చోట లవంగ నూనె పెట్టుకుంటే కాసేపు మొద్దుబారుతుంది, గొట్టాలకు అది చేసేదేమీ లేదు, ఎక్కువైతే చిగురు కాలుతుంది.

నిమ్మరసం మానగలిగితే మానేయండి. ఆమ్లం ఎంతుందో చెప్పే కొలత పీహెచ్, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ. ఎనామిల్ కరగడానికి పీహెచ్ 5.5 దాకా దిగాలి, డెంటిన్‌కు 6.5 దగ్గరే మొదలవుతుంది. నిమ్మరసం 2 నుంచి 2.5 మధ్య ఉంటుంది. నీళ్ళు కలిపినా డెంటిన్‌కు అది ఆమ్లమే. మానలేకపోతే ముందు పళ్ళు తోముకుని తర్వాత తాగండి, గుక్కగుక్కకూ చప్పరించకుండా స్ట్రాతో ఒకేసారి తాగేయండి, వెంటనే మామూలు నీళ్ళతో నోరు పుక్కిలించండి. తాగిన తర్వాత తోమాల్సివస్తే అరగంట నుంచి గంట ఆగండి. కూల్‌డ్రింకులకూ ఇదే వర్తిస్తుంది. పుల్లటి తేన్పులు, ఛాతీలో మంట తరచూ ఉంటే ఆ సంగతి దంతవైద్యుడికి తప్పకుండా చెప్పండి. కడుపులోని ఆమ్లం పళ్ళ మీదికి వస్తుంటే దానికి వైద్యం వేరే జరగాలి. పొద్దున లేవగానే దవడలు బిగుసుకుని ఉంటే రాత్రి పళ్ళు కొరుకుతున్నారేమో, రాత్రి పళ్ళకు తొడుక్కునే నైట్ గార్డ్ అవసరమేమో అడగండి.

నేనైతే మీకు ఈ వరసలో చేస్తాను. ఈ రోజే బ్రష్షు మార్చి, నిమ్మరసం ఆపండి. ఈ వారంలోనే ఒకసారి పరీక్ష చేయించుకుని గాడి లోతు ఎంతో అడగండి. గాడి లేకపోతే, లేదా చిన్నదైతే, గొట్టాలు మూసే పేస్టు ఒకటి ఎంచుకుని ఎనిమిది వారాలు వదలకుండా వాడండి. అప్పుడే వార్నిష్ కూడా ఒకసారి పూయించుకుంటే మొదటి వారాలు తేలిగ్గా గడుస్తాయి. గాడి లోతుగా ఉంటే ఫిల్లింగ్‌కు వెనకాడకండి, కానీ ముందు రెండు మూడు వారాలు బ్రష్షు చేతిని దారిలో పెట్టుకున్నాక పెట్టించుకోండి. ఎనిమిది వారాలకూ తగ్గకపోతే గట్టి పూత. అప్పుడూ లొంగకపోతే లేజర్ సంగతి మాట్లాడుకుందాం. మధ్యలో నొప్పి తీరు మారి, నీళ్ళు మింగాక కూడా సలుపుతూ ఉంటే ఈ వరస పక్కనపెట్టి అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. ప్రతి ఆదివారం పొద్దున, అదే చల్లదనం ఉన్న నీళ్ళలో ఇయర్‌బడ్ ముంచి ఆ మూడు పళ్ళ మెడల మీద ఒక్కొక్కటిగా ఆనించి, బాధకు పదికి ఎన్ని మార్కులో రాసుకోండి. బాధ మెల్లగా తగ్గుతుంటే మనసుకు తెలియదు, కాగితం మీద కనిపిస్తుంది. ఎనిమిది వారాల తర్వాత ఆ అంకెలతో నాకు మళ్ళీ రాయండి. ఒక పన్ను తగ్గి ఇంకో పన్ను మొండికేస్తే ఆ మొండిదాని సంగతి విడిగా చూద్దాం.